వినని మైల

దస్తగిర్ హారన్ రెండుసార్లు కొట్టాడంటే ఉత్తరం ఉందని. ఒక్కసారి కొడితే మంచినీళ్ళ ట్యాంకరు వీధి మలుపు దాకా వచ్చిందని. ఆ బుధవారం రెండుసార్లు కొట్టాడు. బియ్యం కడుగుతున్నదాన్ని చేతులు కొంగుకి తుడుచుకుంటూ గేటు దాకా వెళ్ళాను.

"జాబు వచ్చిండాదమ్మా, ఒకటే," అన్నాడు పికప్ లోంచి దిగకుండానే. అతనిది కడప దగ్గర ఏదో ఊరు. ఆఫీసు పోస్టుబాక్సులోంచి ఉత్తరాలు తెచ్చి ఈ అరబ్బు దేశంలో, రూవీ అనే ఊళ్ళో ఉన్న మా కంపెనీ క్వార్టర్లకి పంచడం అతని పనుల్లో ఒకటి. "పెద్దమ్మకు చెప్పండి, ఈ తూరి మామిడికాయ ఊరగాయలో కారం చాల్లేదని."

"నువ్వే చెప్పు, లోపలే ఉన్నారు."

"అమ్మో, నేనా! నాకు మళ్ళా ఊరగాయ వద్దా?" అని నవ్వి పోనిచ్చాడు.

నీలం రంగు ఎయిర్‌లెటర్. శ్రీమతి అన్నపూర్ణమ్మగారికి అని మా అత్తగారి పేరు, కింద కేరాఫ్ అని మా ఆయన నాగేంద్రప్రసాద్ పేరు. అత్తగారికి రెండు కళ్ళకీ పొర కమ్మింది. ఆవిడకి వచ్చిన ఉత్తరాలన్నీ నేనే చదివి వినిపిస్తాను. వరండాలో నిలబడే అంచు చింపాను. పైన శ్రీరామ అని లేదు. క్షేమం అన్న మాట లేదు. అప్పుడే మడిచేసి ఉంటే నేనూ విననట్టే లెక్క. కానీ కళ్ళు ఆగుతాయా!

మా ఆయన బాబాయి కామేశ్వరరావుగారు పోయారు. ఇరవై రోజుల కిందట. నిద్రలోనే. "టెలిగ్రాం ఇచ్చినా మీరెలాగూ అందుకోలేరని, పన్నెండో రోజు కూడా అయ్యాక రాస్తున్నాను. దొడ్డమ్మకి నెమ్మదిగా చెప్పండి," అని వాళ్ళబ్బాయి రాశాడు.

"ఎవరు రాశారే?" అన్నారు అత్తగారు లోపల్నించి.

"మనకి కాదు అత్తయ్యా. వెనక వీధి వాళ్ళది. పొరపాటున ఇచ్చాడు."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఎందుకు వచ్చిందో వచ్చాక తెలిసింది. వరండాలోంచి చూస్తే వంటింట్లో దేవుడి అలమర పక్కన, పీట మీద ఆ కుండ కనపడుతూ ఉంటుంది.

మా అత్తగారి లెక్క ప్రకారం మైల చెవిన పడితేనే పడుతుంది. దాయాదుల్లో ఎవరైనా పోతే పది రోజులు. ఆ పది రోజులూ దాటాక కబురు తెలిస్తే, తెలిసిన దగ్గర్నుంచి మూడు రాత్రులు. తెలియకపోతే ఏమీ లేదు, మామూలుగా వండుకు తినొచ్చు, దీపం పెట్టుకోవచ్చు. మూడు రాత్రులు అయ్యాక ఇల్లంతా కడగాలి, బట్టలన్నీ తడపాలి, ఇత్తడీ రాగీ చింతపండు పెట్టి తోమాలి. మట్టిపాత్రకి మాత్రం శుద్ధి లేదు. అది బయట పారెయ్యాలి. ఊరికే పారేస్తే చాలదు, ఇంకెవరూ తీసుకెళ్ళి వాడకుండా పగలగొట్టాలి.

ఇదంతా నాకు ఫిబ్రవరిలోనే తెలిసింది. అంతకు ముందు మా ఆయన మత్రా బజారు నుంచి అత్తగారి కోసం జహ్లా తెచ్చారు. ఇక్కడివాళ్ళు మంచినీళ్ళు పోసి, తాడు కట్టి, గాలి తగిలేచోట వేలాడదీసే మట్టికూజా అది. ఫ్రిజ్‌లో అన్నీ కలిపి పెడతామని ఆవిడ అందులో నీళ్ళు తాగరు. ట్యాంకరు నీళ్ళు రాగిచెంబులో పోసుకుంటే చిలుం వాసన. జహ్లా వచ్చాక కాస్త ప్రాణం కుదుటపడింది. ఇంతలో గుంటూరులో దాయాదుల ముసలావిడ ఒకరు పోయారని ఉత్తరం వచ్చింది. నాలుగో రోజు పొద్దున్నే అత్తగారు జహ్లా పట్టుకుని, గోడ తడుముకుంటూ, ఇంటి వెనక ఎండిపోయిన వాగు దగ్గరికి బయల్దేరారు. నేను అడ్డం పడ్డాను. ఆవిణ్ణి మనమెప్పుడూ చూడనైనా లేదు, బంగారంలాంటి కూజా ఎందుకు పారేస్తారన్నాను. ఆవిడ నన్ను తప్పించుకుని వెళ్ళి, వాగురాళ్ళ మీద పగలగొట్టి వచ్చి, నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను వండింది తినలేదు. అటుకులూ పాలూ. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి వాళ్ళమ్మ మొహం, నా మొహం మార్చి మార్చి చూసి, కంచం ముందు కూర్చుని నిద్రపోయేవారు. పోట్లాట కన్నా అబద్ధమే తేలిక అని నాకు అప్పుడే అర్థమైంది కాబోలు.

ఇక ఈ కుండ సంగతి. ఇది మాది కాదు, మా పక్కింటి ఫుమికోది. ఆమె భర్త ఇవాసె, మా ఆయన పనిచేసే నీళ్ళ ప్లాంటుకే యంత్రాలు బిగించడానికి జపాను నుంచి వచ్చిన ఇంజనీరు. ఏప్రిల్ నెలాఖర్లో ఆమె తండ్రికి జబ్బుగా ఉందని కబురు వచ్చింది. వాళ్ళింటి పైకప్పు పగుళ్ళిస్తే కంపెనీవాళ్ళు మేస్త్రీలని పెట్టారు, ఇల్లంతా సున్నం, ఇసక. ఇవాసె ఆ నెల సోహార్ వైపు సైటులో క్యాంపులో ఉన్నాడు. ఆమె ప్రయాణం ముందు రోజు మా ఇంటికి వచ్చింది, గుడ్డలో చుట్టిన కుండని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని.

"శేషు-సాన్, నేను వచ్చేదాకా ఇది మీ ఇంట్లో ఉండాలి," అంది. మా ఇద్దరికీ వచ్చింది ముక్కల ఇంగ్లీషే. మిగిలింది చేతులతో.

"శేషుసానా?" అన్నారు అత్తగారు మంచం మీంచి. "సాని ఏమిటే? మంచి మాటేనా అది?"

"వాళ్ళకి గారు అనడం అత్తయ్యా అది."

"అయితే సరే. నన్ను మాత్రం అలా పిలవద్దని చెప్పు."

గుడ్డ విప్పింది. నాలుగు చెంబుల నీళ్ళు పట్టే కుండ. మెరుగు లేదు, రంగు వెయ్యలేదు. పొడి ఇసక రంగు మట్టి, దాని మీద అడ్డంగా, ఏటవాలుగా ఎర్రటి చారలు. అత్తగారు దగ్గరికి తెప్పించుకుని వేళ్ళతో తడిమి, కళ్ళకి ఆనించుకుని చూశారు.

"పారాణి పెట్టినట్టుందే! ఎవరు చేశారుట?"

"వాళ్ళ నాన్నట."

"కుమ్మర్లా? కుమ్మరి పిల్లకి ఇంజనీరు మొగుణ్ణి తెచ్చారూ! గట్టివాళ్ళే. ఏ ఊరుట?"

"ఇంబె," అంది ఫుమికో, ఆ ఒక్క ప్రశ్న మాత్రం తనకి అర్థమైనట్టు. వాళ్ళ ఊరి గురించి అంతకు ముందు మధ్యాహ్నాల్లో నాకు కొంచెం కొంచెం చెప్పేది. చిన్న ఊరుట. రైలు స్టేషన్లో దిగితే కనిపించేది ఇటుకల పొగగొట్టాలేట. వీధి పొడుగునా కుండల కొట్లేట. కోతలయ్యాక చలికాలంలో వరిపొలం పైపొర తీసి కిందున్న మట్టి తవ్వుతారు. దాన్ని ఏళ్ళ తరబడి మాగబెడతారు. కొండవాలు మీద ఆవం. అందులో పేర్చి, తలుపు మూసి, పది పన్నెండు రోజులు రాత్రీ పగలూ దేవదారు కట్టెలు వేస్తూనే ఉండాలి. వంతులవారీగా. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆవం దగ్గరికి అన్నం ముద్దలు తీసుకెళ్ళి నాన్న నోట్లో పెట్టేదిట, చేతులు ఖాళీ లేక. కుండకి గడ్డి చుట్టి కాలిస్తే గడ్డి తగిలినచోట ఈ ఎర్ర చారలు వస్తాయిట. ఎక్కడ వస్తాయో చేసినవాడికీ తెలియదు. ఇది ఆమె తండ్రి తన చేత్తో చేసిన ఆఖరి కుండ. ఆ తరవాత ఆయన కుడిచెయ్యి పడిపోయింది. తమ్ముడు ఒసాకాలో ఏదో కరెంటు కంపెనీలో ఉన్నాడు, ఊరికి రాడు. ఆ ఆవం ఇంక వెలగదు.

"అలంకారానికి పెట్టద్దు," అంది. "నాన్న ఒప్పుకోడు. నీళ్ళు పొయ్యండి. మదర్ తాగాలి."

అది నేను చెప్పాక అత్తగారు కాసేపు ఆలోచించారు. "దీన్ని ఎవరైనా వాడారేమో కనుక్కో. వాళ్ళు చేపలు తింటారు."

లేదుట, ఆవంలోంచి తీసి గడ్డిలో పెట్టి ఓడ ఎక్కించారుట.

"నిప్పులోంచి వచ్చిన మట్టికి అంటు లేదు. నీళ్ళు పొయ్యి."

ఫుమికో వెళ్ళేముందు కుండ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. "జాగ్రత్త" అని చెప్పడానికి ఆమె దగ్గర మాట లేదు. నేనే అన్నాను, "నేనెక్కడికి పోతాను, ఇంట్లోనే ఉంటాను కదా," అని. ఇంగ్లీషులో అది మాట ఇచ్చినట్టే వినిపించింది. వంగి దండం పెట్టింది.

నాలుగు వారాలు. అత్తగారు ఆ కుండలో నీళ్ళు తప్ప ఇంకోటి ముట్టలేదు. పొద్దున్నే మడికట్టుకుని తనే నింపుకునేవారు. "నీళ్ళకి వాసనే లేదే. రాత్రి పోసినవి తెల్లారికీ కొత్తగా ఉంటాయి," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. అంటే ఏమిటి? అది పరాయివాళ్ళ కుండ కావడం ఎప్పుడో మానేసింది. ఈ ఇంటి మడినీళ్ళ కుండ అయింది. ఈ ఇంటికి మైల వస్తే దానికీ వస్తుంది. ఇంకొకరి సొమ్ము అని నేనంటే ఆవిడ వినరు. విలువ కట్టి ఇచ్చేద్దాం అంటారు. దానికి విలువ ఎవరు కడతారు?

ఫుమికో మంగళవారం వస్తానని రాసింది. ఇంకా ఆరు రోజులు.

ఉత్తరం ఇంట్లో పెట్టడానికి భయం వేసింది. చావు కబురు ఉత్తరం చదవగానే చించి బయట పారెయ్యాలి. చించేస్తే రేపు ఏది చదివి వినిపించను? పెరటిగోడకి కరెంటు మీటరు పెట్టె ఉంది. దాని తలుపు తీసి, తీగల వెనక దూర్చాను.

నాకైతే తెలిసిపోయింది కదా. ఆ చేతులతో ఆవిడ దేవుణ్ణి ముట్టుకోలేను, ఆ కుండని అసలే ముట్టుకోలేను. ఎవరూ చూడకపోయినా నాకు చేతకాదు. అక్కడే పెరట్లో కుళాయి కింద కూర్చుని, కట్టుకున్న చీరతోనే నెత్తిన నీళ్ళు పోసుకున్నాను. తడిసి ముద్దై గుమ్మం బయట నిలబడి, "అత్తయ్యా, నేను బయట చేరాను. బియ్యం కడిగి ఉన్నాయి," అన్నాను.

అత్తగారు తల ఎత్తి నా వైపు చూశారు. ఆవిడ చూసినప్పుడు నిజంగా ఎంత కనపడుతుందో ఎప్పుడూ తెలియదు.

"ఇవాళా?" అన్నారు.

"ఆఁ. ఈ ఎండలకి."

"సరే. వెనక గదిలో చాప ఉంది," అని లేచి స్టవ్ దగ్గరికి నడిచారు.

సాయంత్రం మా ఆయన వచ్చి వెనక గది గుమ్మంలో నిలబడ్డారు. ప్లాంటులో పంపు ఒకటి పాడై, వారంగా ఆయనకి రెండేసి డ్యూటీలు. కళ్ళు లోపలికి పోయాయి.

"మళ్ళీనా?" అన్నారు.

"మళ్ళీనే."

"అమ్మ వండిందా?"

"వండారు. వెళ్ళి తినండి."

చెప్పాల్సింది. సైకిలు తొక్కడం నేర్పిన బాబాయి. కాకినాడలో ఇంజనీరింగు చదివే రోజుల్లో, హాస్టల్ తిండి పడక జ్వరం వస్తే, నెల్లాళ్ళు పక్కన ఉండి వండిపెట్టిన బాబాయి. చెప్తే ఆయన అక్కడే గుమ్మంలో కూలబడి ఏడుస్తారు. అత్తగారు వింటారు. నేను చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ మూడు రోజులూ నేను నిద్రపోయాను. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో అంత నిద్ర పోలేదు. ట్యాంకరు వచ్చినా లేవలేదు, అత్తగారే దస్తగిర్‌ని కేకేసి డ్రమ్ములు నింపించుకున్నారు. కంచం గుమ్మం దగ్గర పెట్టి, "తిను," అని వెళ్ళిపోయేవారు. డెబ్భై ఏళ్ళ మనిషి, సగం గుడ్డి మనిషి నాకు వండిపెడుతోంది, ఆవిడ మరిది చావు ఆవిడకి చెప్పకుండా నేను తింటున్నాను. మెలకువ వచ్చినప్పుడల్లా ఈ మాటే. మళ్ళీ నిద్ర. కుండ కోసం మనిషి చావు దాస్తారా ఎవరైనా? ఆయన మళ్ళీ బతికి రారు, కుండ పగిలితే మళ్ళీ రాదు అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. ఆ జవాబు పగలు బాగానే ఉండేది. చీకటి పడితే సరిపోయేది కాదు. లేచి పెరట్లోకి వెళ్ళి, మీటరు పెట్టె తలుపు తీసి, ఉత్తరం ఉందో లేదో చూసి వచ్చేదాన్ని. ఎక్కడికి పోతుంది?

శనివారం తెల్లవారుజామున తలంటుకుని లోపలికి వచ్చాను. నా మైల నేను ఒక్కదాన్నే పట్టి, నేను ఒక్కదాన్నే విడిచాను. ఇంట్లో ఎవరికీ ఏమీ జరగలేదు.

ఆ సోమవారం మధ్యాహ్నం పనులయ్యాక అత్తగారు, "కలం కాయితం తే. కామేశానికి ఉత్తరం రాయాలి," అన్నారు.

నా చేతిలో కందిపప్పు డబ్బా ఉంది. కింద పెట్టాను.

"ఇప్పుడా అత్తయ్యా?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడే? రాయి. చిరంజీవి కామేశాన్ని వదిన దీవించి రాయునది. ఇక్కడ మేము క్షేమం, అక్కడ నీ క్షేమం... అది వద్దులే. మేము క్షేమం అని రాయి చాలు."

రాశాను.

"ఇక్కడ ఎండలు మన రోహిణికార్తెకి రెండింతలు. కొండలు నల్లగా, మాడిన పెనాల్లా ఉంటాయి. జపాను పిల్ల ఒకతె నాకు కుండ ఇచ్చింది. అందులో నీళ్ళు బాగుంటాయి." ఆగారు. "రాశావా?"

"రాశాను."

"నీకు నాలుగేళ్ళప్పుడు నా మడికుండలో చెయ్యి పెట్టావు. దాహమని. నేను కాపరానికి వచ్చి నెల. పన్నెండేళ్ళదాన్ని. అత్తగారు చూస్తున్నారని నిన్ను వీపు మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. కుండ పగలగొట్టేశాను. నువ్వు ఏడుస్తూ మళ్ళీ నా దగ్గరికే వచ్చి పడుకున్నావు. నీకు జ్ఞాపకం ఉందో లేదో. నాకు ఉంది." మళ్ళీ ఆగారు. "ఇప్పుడైతే కొట్టను. అది కూడా రాయి."

ఇప్పుడైతే కొట్టను అని రాశాను. అక్షరాలు వంకర పోయాయి. ఆవిడకి కనపడవు కదా అని తుడవలేదు. కింద ఆవిడ చెయ్యి పట్టుకుని చోటు చూపిస్తే, అ అని ఒక్క అక్షరం దిద్దారు.

"దస్తగిర్ వస్తే ఇచ్చేస్తాను," అన్నాను.

"తొందర లేదులే," అన్నారు.

మంగళవారం ఫుమికో రాలేదు. సాయంత్రం దాకా గేటు వైపు చూశాను. బుధవారం దస్తగిర్ హారన్ ఒక్కసారి కొట్టి, ట్యాంకరు సంగతి చెప్పి, "జపానమ్మకు బొంబాయిలో విమానం తప్పిందంట. రేపొస్తాదని ఇవాసె సారు చెప్పినాడు," అన్నాడు. ఇంకో రోజు. ఆ రాత్రి మా ఆయన భోంచేస్తూ, "బాబాయి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది కదమ్మా," అన్నారు. నేను మజ్జిగ గిన్నె కోసం లోపలికి వెళ్ళాను. అత్తగారు, "రాస్తాడులే. నువ్వు తిను," అనడం వినిపించింది.

గురువారం పదకొండింటికి ఫుమికో వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. మొహం సన్నబడింది. గుమ్మం బయటే చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడింది.

"నాన్న అయిపోయాడు," అంది. ఇంగ్లీషులో ఆ మాటే వాడింది, పని అయిపోయినట్టు. "నేను వెళ్ళాక పదహారు రోజులు ఉన్నాడు. మీ మదర్ ఆ కుండలో నీళ్ళు తాగుతున్నారని చెప్పాను. నవ్వాడు."

"ఏమంటోందే?" అన్నారు అత్తగారు.

చెప్పాను. అత్తగారి వేళ్ళు ఒళ్ళో కదిలాయి.

"పోయి ఎన్నాళ్ళైందిట?"

"పద్దెనిమిది రోజులుట."

"పెళ్ళయిన కూతురు. ఎప్పుడో తీరిపోయింది. తప్పులేదు, లోపలికి రమ్మను."

ఆవిడే లేచారు. గోడ పట్టుకుని వెళ్ళి కుండ తీసుకున్నారు. నేను సాయం వెళ్ళబోతే మోచేత్తో తోసేశారు. నీళ్ళు డబ్బాలో వేసిన తులసిమొక్కకి పోసి, కుండని లోపలా బయటా కొంగుతో తుడిచి, గుమ్మం దగ్గరికి తెచ్చారు. పారాణి చారల మీద ఒకసారి బొటనవేలు నడిపి ఫుమికో చేతుల్లో పెట్టారు.

"తీసుకెళ్ళమను. వెంటనే తీసుకెళ్ళమను. కాఫీ గీఫీ అని కూర్చోబెట్టకు."

నాకు అర్థం కాలేదు. ఫుమికో కుండలోకి ముక్కు పెట్టి వాసన చూసింది. తడి మట్టి వాసన. అలాగే మొహం దాచుకుని కాసేపు ఉంది. తరవాత వంగి దండం పెట్టి, కుండ పట్టుకుని, సున్నం వాసన కొడుతున్న తన ఇంటికి వెళ్ళిపోయింది. ఆమె వెనక గేటు గడియ పడిన చప్పుడు అయ్యేదాకా అత్తగారు కదలలేదు.

అప్పుడు నేల మీద, గోడకి ఆనుకుని కూర్చున్నారు. "ఇప్పుడు చదువు," అన్నారు.

"ఏమిటి అత్తయ్యా?"

"మీటరు పెట్టెలో పెట్టినది."

నేను పెరటి తలుపు వైపు చూశాను.

"ఆ తలుపు కిర్రుమంటుంది. ఈ ఇంట్లోకి వచ్చి రెండేళ్ళైంది, నువ్వు దాన్ని ముట్టుకోగా నేనెరగను. ఈ వారం రోజూ తీశావు. అంతకు పన్నెండు రోజుల ముందే బయట చేరి, ఆ బుధవారం మళ్ళీ చేరానన్నావు. చీరతో నీళ్ళు పోసుకుని వచ్చావు. నాకు కళ్ళు పోయాయి గానీ లెక్కలు పోలేదే. వెళ్ళి తే."

తెచ్చాను. ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"కామేశమేనా? వాడి ఉత్తరం వచ్చి నెల దాటింది."

తల ఊపాను.

"తల ఊపకు, నాకు కనపడదు. చదువు. చెవిన పడాలి."

చదివాను. మొదటి అక్షరం నుంచి చివరి దాకా, వాళ్ళబ్బాయి రాసిన తారీకుతో సహా. నిద్రలోనే అన్న దగ్గర ఆవిడ, "ఊఁ," అన్నారు. పక్కింట్లో ఫుమికో కిటికీలు తెరుస్తున్న చప్పుడు వినపడింది.

"తెలిసే ఎందుకు అడగలేదు అత్తయ్యా?" అన్నాను. ఏడుపు వచ్చేసింది. "ఎవరో తెలియక మీరు ఎన్ని రోజులు..."

"అడిగితే నువ్వు చెప్తావు కదే. చెప్తే పోతాడు." పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "నువ్వు కుండ కోసం చూసుకున్నావు. చూసుకో. పరాయివాళ్ళ సొమ్ము, తప్పేముంది! నేను మాత్రం కుండ కోసం కాదు. చంకన వేసుకు పెంచాను వాణ్ణి. ఇంకో నాలుగు రోజులు ఉంటే ఏం పోయిందనుకున్నాను."

అప్పుడు ఏడ్చారు. పెద్దగా కాదు. అలసిపోయిన పిల్లలు ఏడ్చినట్టు, ఆగి ఆగి. నేను దగ్గరికి జరగబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ముట్టుకోకు. నాకు మైల. నీది అయిపోయిందిగా."

"నాకూ మీతోపాటే కదా అత్తయ్యా?"

"రెండోసారి ఎక్కడుందే? విన్నావు, మూడు రాత్రులు పట్టావు, స్నానం చేశావు. నీది తీరింది. దీపం నువ్వే పెట్టు, వంట నువ్వే చెయ్యి. వెనక గదిలో చాప వెయ్యి నాకు. అబ్బాయి వచ్చేసరికి గేటు దగ్గరే చెప్పు, లోపలికి వచ్చి ఏమీ తాకకుండా." లేచి నిలబడి, గోడ పట్టుకుని రెండడుగులు వేసి ఆగారు. "ఆ ఉత్తరం చించి వాగులో పారేసి రా."

"మరి మీరు రాయించినది?"

అత్తగారు తిరగలేదు.

"అది ఎందుకు చించడం? అందులో ఎవరూ పోలేదుగా."

వాగు ఒడ్డున, రాళ్ళ మధ్య, ఫిబ్రవరిలో పగిలిన జహ్లా పెంకులు ఇంకా ఉన్నాయి. ఎయిర్‌లెటర్ ముక్కలు వాటి మీద పడి, గాలికి లేచి, కాస్త దూరంలో ముళ్ళపొదకి చుట్టుకున్నాయి. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని లెక్క వేసుకున్నాను. డ్రమ్ములో సగం నీళ్ళున్నాయి. అత్తగారి తలస్నానానికి రెండు బకెట్లు, మా ఆయనకి రెండు. శనివారం దాకా ట్యాంకరు లేదు. మూడు రోజుల వంట, నాలుగో రోజు ఇల్లు కడగడం, దుప్పట్లూ దిండుగలీబులూ తడపడం. నేను పడుకున్న మూడు రోజులూ తిరిగి ఇప్పుడు వచ్చాయి. నడుము అప్పుడే లాగుతోంది.

సాయంత్రం పికప్ చప్పుడు విని గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మా ఆయన దిగి, నా మొహం చూసి, "ఏమైంది? అమ్మకేనా?" అన్నారు. చెప్పాను. టిఫిన్ క్యారియరు కింద పెట్టి గోడకి చెయ్యి ఆనించారు. ఎప్పుడు తెలిసిందని అడిగారు. ఇవాళే అన్నాను. వెనక గది కిటికీలోంచి అత్తగారు, "ఇవాళేరా," అన్నారు.

రాత్రి దీపం పెట్టాక, రాగిచెంబులో నీళ్ళు తీసుకెళ్ళి ఆవిడ గుమ్మం దగ్గర పెట్టాను. ఎత్తుకుని ఒక గుక్క తాగి, మొహం చిట్లించి కింద పెట్టేశారు.

"చిలుం."

"రేపు తోమి పోస్తాను అత్తయ్యా."

"ఎంత తోమినా అంతేలే." చాప మీద అటు తిరిగి పడుకున్నారు. "మూడు రాత్రులు పోయాక దస్తగిర్‌తో చెప్పు, ఇంకో జహ్లా తెమ్మని. వాడి ఊరగాయలో ఈసారి కారం ఎక్కువేద్దాం."